ఏటేటా పడిన ముద్ర

తొమ్మిదో మంచం తాతగారి మణికట్టు పట్టుకుని, గుండెల మీద పిన్నుకు వేలాడే గడియారం చూస్తూ పెద్ద సిస్టర్ నాడి లెక్కపెడుతోంది. నలభై దగ్గర లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తప్పింది.

"ఉన్నానా, పోయానా తల్లీ?" అన్నాడు తాతగారు.

"ఉన్నారు లెండి. నన్ను ఇంకా సతాయించాలిగా."

నవ్వింది గాని, జేబులో ఉన్న కవరు తొడకు తగిలినప్పుడల్లా ఆమె ధ్యాస అటే పోతోంది. పాత ఇంటి పక్కింటావిడ పొద్దున్నే తెచ్చి ఇచ్చిన కవరు అది. నర్సింగ్ కౌన్సిల్ నుంచి మూడో నోటీసు. మొదటి రెండూ తాళం వేసిన ఆ పాత ఇంటి గుమ్మంలోనే చివికిపోయి ఉంటాయి. రిజిస్ట్రేషన్ గడువు ముగిసి రెండేళ్లయిందట, ఇకపై నర్సుగా పని చేయరాదట, విచారణకు రావాలట.

ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. సబ్బుతో కడిగి కడిగి వేళ్ల సందులు పగిలిపోయాయి. ఇంట్లో కూర మాడినా ఊరుకునేది గాని, వార్డులో మందు వేళ తప్పనిచ్చేది కాదు. అందుకే గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకుంది. మన ఇంట్లో సూర్యుడు కూడా తొందరగా లేవాల్సిందేనని భర్త వేళాకోళం చేసేవాడు. అంతటి మనిషి పప్పులో కాలేసింది.

పదకొండింటికి, క్యాంటీన్ పక్క గదిలో ఉండే నర్సుల సంఘం ఆఫీసుకు పరుగెత్తింది. కార్యదర్శి ఆమెతో కలిసి నర్సింగ్ చదివిన మనిషే. పెద్ద సిస్టర్ సంఘం కార్డు తీసి బల్లమీద పెట్టింది.

"చూడవే, ఒక్క ఏడాది కూడా తప్పలేదు. ఏటా చందా కట్టిన ముద్రలన్నీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కు ఇవే చాలనుకున్నానే."

కార్యదర్శి కార్డు చూసి, నోటీసు చదివి, కళ్లజోడు తీసేసింది.

"ఇది మన సంఘం కార్డే. నువ్వు మాలో ఒకదానివని చెబుతుంది, అంతే. రోగి ఒంటిమీద ఎవరు చెయ్యి వెయ్యొచ్చో చెప్పేది కౌన్సిల్. వాళ్ల పుస్తకంలో పేరుండాలి, ఐదేళ్లకోసారి కొత్తగా రాయించుకోవాలి."

"మీరు చెబితే వినరా?"

"నీ పక్షాన మాట్లాడతాం, విచారణలో పక్కన కూర్చుంటాం. మేమున్నది నీ కోసం. వాళ్లున్నది నువ్వు సూది వేసే మనిషి కోసం. వాళ్లు తీసేసిన పేరు మేం ఎక్కించలేమే."

పెద్ద సిస్టర్ కార్డు వెనక్కి తీసుకుంది. ఉద్యోగం సంగతి తర్వాత. ఈ రెండేళ్లలో వేసిన సూదులన్నీ, ఎక్కించిన రక్తమంతా ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. ఒక్కరికి ఏదైనా అయి ఉంటే?

"పోనీ, మధ్యాహ్నం మందులు ఇచ్చేసి..."

"వద్దు. ఒక్కటి కూడా వద్దు," అంది కార్యదర్శి, ఆమె చెయ్యి పట్టుకుని.

వార్డులోకి తిరిగి వచ్చేసరికి మేట్రన్ చేతిలో అదే నోటీసు నకలు ఉంది. ఆవిడ తిట్టలేదు. "సంతకం పెట్టి వెళ్లమ్మా. ఎవర్నీ ముట్టుకోకు," అంది నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండునని పెద్ద సిస్టర్‌కు అనిపించింది.

చిన్న సిస్టర్ సూది ట్రేతో తొమ్మిదో మంచం దగ్గర నిలబడి ఉంది. తాతగారు చెయ్యి దుప్పట్లో దాచేసుకున్నాడు.

"ఆవిడ వేస్తేనే."

పెద్ద సిస్టర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. "ఈ అమ్మాయి చెయ్యి నాకంటే తేలిక తాతగారూ. వేయించుకోండి."

తాతగారు ఆమె మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా చెయ్యి బయట పెట్టాడు.

"ముందు నాడి చూడాలక్కా. నా వాచీకి సెకన్ల ముల్లు లేదు," అంది చిన్న సిస్టర్.

పెద్ద సిస్టర్ పిన్ను విప్పి, గడియారాన్ని మంచం పక్క స్టూలు మీద పెట్టింది. సంతకం పెట్టింది, సంచీ తీసుకుంది, మెట్లు దిగింది. గేటు దగ్గర అలవాటుగా గుండెల మీదికి చెయ్యి పోయింది. వెనక్కి వెళ్లి తెచ్చుకుందామంటే భయమేసింది. ఏ హక్కుతో లోపలికి వచ్చావని ఎవరైనా అడుగుతారేమో!

స్టూలు మీద ఆమె గడియారం ఐదు నిమిషాలు ముందే నడుస్తోంది.