నడిమి కొమ్మ మీద రెండు ఆకులు

ఎల్లర్‌స్టైన్ వంశానికి ఒకప్పుడు ఏడు గ్రామాలు, మూడు శాఖలు ఉండేవట. నేను కోడలిగా వచ్చేసరికి గ్రామాలు పోయి శాఖలు మిగిలాయి. కోట సంగీత పాఠశాల అయింది. ఏటా జూన్‌లో ఒక ఆదివారం దాని పెద్ద హాలు అద్దెకు తీసుకుని, మావాళ్లంతా చేరి పోయిన వైభవాన్ని చెర్రీ కేకుతో నంజుకుంటారు.

గోడకు నారబట్ట మీద గీసిన వంశవృక్షం వేలాడుతుంది. మనిషికో ఆకు. పోస్ట్‌మాన్ కూతురిని, నాకూ ఒకటుంది. ఈ కోటలోనే పుట్టిన ఒట్టీలియె అత్తయ్యకు మాత్రం లేదు. ఆవిడ మా ఆయనకు మేనత్త. యుద్ధం చివర్లో రష్యా సైన్యం వస్తోందని అందరూ పడమటికి పారిపోతుంటే, ఆవిడ గడియారాలు బాగుచేసే కార్ల్‌ను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయింది. వాళ్ల నాన్న బండెక్కే ముందు పనిగట్టుకుని ఆవిడ ఆకు మీద రంగు పులిమాడు. ఆ తొందరలో బట్టనే మరిచిపోయి వెళ్లాడు. సరిహద్దు తెరుచుకుని వీళ్లు తిరిగొచ్చేదాకా, నలభై అయిదేళ్లు దాన్ని గోడ గడియారం పెట్టెలో దాచింది కార్లే.

మామూలు ఇంటివాళ్లతో పెళ్లయితే ఆకు లేదన్న రూలును తర్వాత నాలాంటి వాళ్ల కోసం సడలించారు. పాత పెళ్లిళ్లకు వర్తించదట.

పోయిన చలికాలం కార్ల్ పోయాడు. ఎనభై రెండేళ్ల అత్తయ్య ఈసారి మొదటిసారిగా నోరు విడిచి అడిగింది, తమ ఇద్దరి పేర్లూ రాయమని.

"చిన్నప్పుడు నేనూ వోల్ఫ్‌రామూ ఇక్కడే ఉన్ని చెప్పులతో జారేవాళ్లం," అంది నాతో, నేలను చూస్తూ. "వాడి ముందు పళ్లు ఆ స్తంభానికే ఊడాయి. బురుజు గడియారం బాగుచేయడానికి కార్ల్ వారం పట్టించాడు. పాడైంది ఒక్క చక్రమే."

చిన్న శాఖ పెద్ద, మా వంశ సంఘం అధ్యక్షుడు బోటో బావగారు గొంతు సవరించుకున్నాడు. "అత్తా, నీ ఒక్కదాని పేరు రాద్దాం. కార్ల్‌ది వద్దు. అయినా మీ పెద్ద కొమ్మ మీద రెండాకులకు చోటేదీ?"

"ఆయన లేకపోతే నీకు ఈ బట్టే ఉండేది కాదురా."

"రూలు రూలే."

"అయితే నాకూ వద్దులే. ఆ కేకు ఇటు జరుపు."

జరిపించుకుంది గానీ తినలేదు. చెర్రీలను ఒక్కొక్కటే పళ్లెం అంచుకు తోస్తూ కూర్చుంది.

నడిమి శాఖలో మిగిలిన ఏకైక మనిషి, బ్రహ్మచారి వోల్ఫ్‌రామ్ మామయ్య చెయ్యెత్తాడు. "నా తర్వాత నా కొమ్మ మీద కాకి కూడా వాలదు. చోటు బోలెడు. ఇద్దరినీ అక్కడ రాయండి."

"ఆవిడ మీ శాఖ కాదే!"

"ఏ కొమ్మ మీద ఎవరుండాలో ఆ శాఖవాళ్ల ఇష్టం. ఆ రూలు రాయించింది మీ నాన్నే. నా శాఖంతా సమావేశమై ఒప్పుకుంది. ఇదిగో, ఇప్పుడే."

బోటో బావగారు కాగితాలు తిరగేశాడు. రూలు దొరికినట్టుంది, ఫైలు మూసేశాడు.

అక్షరాలు బాగుంటాయని ఏటా రాత పని నాదే. కుర్చీ ఎక్కాను.

"మరీ ఎడంగా గీయకమ్మా," అంది కింద నుంచి అత్తయ్య.

రెండాకులూ ఆనుకునేలా గీశాను. పెళ్లే కాని మామయ్య కొమ్మకు ఈ జంట ఎలా కాసిందని రేపు ఏ పరిశోధకుడో తల పట్టుకుంటాడు. పట్టుకోనీ.

కుర్చీ దిగి ఆవిడను దగ్గరికి తీసుకెళ్లి, బట్టను చేతికందేలా కిందికి దించాను. తడి ఆరకముందే కార్ల్ ఆకును వేలితో తాకింది. అంచు చెదిరింది. నేను దిద్దలేదు.