ఏడో గది కప్పు

ఉప్పుగనిలో కొలతలు తీసే ఉద్యోగం మేనమామ నుంచి మేనకోడలికి నేరుగా రాలేదు. మధ్యలో పదకొండేళ్ల అవమానం ఉంది. ఏడో గదిలో కప్పుకూ నేలకూ మధ్య ఎత్తు నెలకు రెండు మిల్లీమీటర్లు తగ్గుతోందని ఆయన రాశారు. రాయి ఎక్కడైనా కదులుతుందా, గనిలోకి దిగకుండానే దొంగ కొలతలు రాస్తున్నాడని అప్పటి అధికారులు ఆయనను ఇంటికి పంపేశారు. "మిల్లీమీటరు మామ" అన్న వెక్కిరింత మాత్రం గనిలో మిగిలిపోయింది.

ఉప్పు రాయే గానీ, రాయిలా ఊరుకోదు. పైనున్న నాలుగు వందల మీటర్ల రాతి బరువుకు, కలిపిన పిండిలా, కంటికి ఆననంత నెమ్మదిగా ఖాళీ ఉన్న వైపు జరుగుతుంది. ఆ ఉదయం మేనకోడలు ఏడో గది కప్పులోనూ నేలలోనూ ఆయన దిగగొట్టిన మేకుల మధ్య ఉక్కు టేపు లాగి చూసింది. మామయ్య తీసిన మొదటి కొలతకూ దీనికీ జానెడు తేడా. మళ్లీ కొలిచింది. అదే జానెడు.

"ఇవాళ్టి నుంచి కొత్తగా రాసుకోండమ్మా, పాతవన్నీ తవ్వడమెందుకు?" అన్నారు కొలత చూసిన మేనేజరు.

"తవ్వడమే కదండీ మన పని."

ఆయన నవ్వేశారు. మామయ్య పాత కొలతల కాగితాలన్నీ రిజిస్టరు మొదట్లో అతికించి, ఒక్కొక్కదాని కిందా "సరైన కొలత" అని రాసి సంతకం చేశారు. ఆఖరి సంతకం పడేదాకా ఆమె నిలబడే ఉంది. గని గేటు ఎదుటి వీధిలోనే మామయ్య ఇల్లు. ఒక్క పరుగున వెళ్లి చెప్పింది.

రేడియో విప్పి స్క్రూలు సర్దుకుంటున్న మామయ్య చేతులు ఆగిపోయాయి.

"టేపు చదవడం నేర్చుకోడానికి పదకొండేళ్లు పట్టిందా వాళ్లకి?" అన్నారు. కళ్లు తుడుచుకుని, "ఇంకా ఏడో గదిలోనే తింటున్నారా అందరూ?" అని అడిగారు.

"ఆఁ, చల్లగా ఉంటుందని."

"అక్కడ కూర్చోవద్దని చెప్పావా?"

ఆయన పేరు నిలబెట్టే తొందరలో ఎప్పుడు విరిగిపడుతుందో తెలియని ఆ కప్పు కింద కూర్చునేవాళ్లను ఆమె మరిచిపోయింది. సంతకాలు పెట్టిన మేనేజరుకూ గుర్తు రాలేదు.

"భోజనాల గంటకి ఇంకా అరగంట ఉంది మామయ్యా."

ఆయన లేచి, పక్కన పెట్టిన హెల్మెట్టును ఆమె తలకు తొడిగి, బడికెళ్లే పిల్లకు బొత్తాలు పెట్టినంత ఓపికగా గడ్డం కింద పట్టీ బిగించారు.

"నవ్వుతారే వాళ్లు. బయటికొచ్చాక నవ్వమను."

ఆమె అప్పటికే వీధి దాటుతోంది.