ఆమె పేరున పడ్డ చుక్కలు

టీవీలో సినిమా అయిపోగానే రిమోట్ నొక్కి, ఎంత నచ్చిందో ఐదింటికి ఇన్నని రేటింగు చుక్కలివ్వడం ఆ ఇంట్లో మొగుడుగారి పని. ముందు తన పేరున, ఆ తర్వాత భార్య పేరున. ఆవిడ అప్పటికే వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. నొక్కినన్ని చుక్కలు టీవీ కిందనుంచి గోళీల్లా దొర్లి చాప మీద పడతాయి. అందరిళ్ళలోలాగే పొద్దున్నే ఎవరి చుక్కలు వాళ్ళ స్నానం బకెట్లో వేసుకుంటారు. సినిమా ఎంత నచ్చితే నీళ్ళు అంత కాగుతాయి. ఆయన బకెట్ పొగలు కక్కేది. ఆవిడ పేరున ఆయన ఎన్ని నొక్కినా ఆవిడ నీళ్ళు ఏనాడూ గోరువెచ్చనైనా కాలేదు.

"మా కోడలికి ఏదీ నచ్చదమ్మా, రాతిగుండె," అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పేది. మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. పోనుపోను నిజమేనేమో అనుకుని, పళ్ళు బిగపట్టి చన్నీళ్ళే పోసుకునేది.

బజారు చివరి సినిమా హాల్లో మ్యాట్నీకి సినిమాలు ఎంచే మనిషి కావాలంటే, ఎంతో ఆశపడి వెళ్ళింది. హాలు యజమానురాలు ఫోన్లో ఆవిడ పేరున పడ్డ చుక్కలు తీసి చూసింది.

"అన్నీ కొట్లాటలే నచ్చాయి మీకు. ఈత నేర్చుకునే విధవరాలి సినిమాకి ఒక్కటంటే ఒక్క చుక్క ఇచ్చారు. మా మ్యాట్నీకి వచ్చేది ఆడవాళ్ళమ్మా, ఇప్పుడాడే కొట్లాట సినిమాకే ఎవరూ రావట్లేదు. మీకు కుదరదు."

ఆ సినిమాకి ఆవిడ కొంగు తడిసేలా ఏడ్చింది. ఆయన గురకపెట్టి నిద్రపోయాడు. ఇంటికి నడిచినంతసేపూ ఆవిడకి చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి.

"ఆ సినిమాకి నా పేరున ఒక్క చుక్క ఎందుకిచ్చారు?"

"బోరు కొట్టింది కదే."

"ఎవరికి?"

"నీకేం నచ్చుతుందో నాకు తెలీదా? ఇన్నేళ్ళు కాపరం చేశాను," అన్నాడాయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇన్నేళ్ళ చన్నీళ్ళూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రాతిగుండె అన్న మాటా గుర్తొచ్చింది. ఆవిడ రిమోట్ లాక్కుని, తన పేరు తీసి, మొదటినుంచీ మార్చడం మొదలుపెట్టింది. కొట్లాటలన్నీ ఊడ్చేసింది. విధవరాలి సినిమాకి ఐదూ నొక్కింది. పడ్డ చుక్కలు పడ్డట్టే చాపని కాల్చాయి.

"నీకేమైనా పిచ్చా? చాప తగలబడుతోంది," అన్నాడాయన కాళ్ళు పైకి లాక్కుంటూ.

"తగలబడనీండి."

పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి స్టీలు గిన్నెలో వేసి మూతపెట్టింది. మర్నాడు ఆ గిన్నెని గుడ్డతో పట్టుకెళ్ళి యజమానురాలి బల్ల మీద పెట్టింది. మూత తియ్యబోయి యజమానురాలు వేళ్ళు కాల్చుకుంది. బల్ల మీద గిన్నె అడుగు మేర నల్లటి మచ్చ పడింది.

"ఇవి మీ చేత్తో ఇచ్చినవేనా?"

"చెయ్యీ నాదే, కోపమూ నాదే."

యజమానురాలు వేళ్ళు ఊదుకుంది. "ఇవాళే చేరండి. కానీ ముందు మీ ఆయన ఏమంటారో ఓ మాట కనుక్కుని..."

"ఆయనేమంటారో ఇన్నేళ్ళూ నా పేరు మీదే అన్నారు. చాలండి."

ఆవిడ బయటికొచ్చి, హాలు గోడ మీద మ్యాట్నీ బోర్డులో సుద్దతో రాసి ఉన్న కొట్లాట సినిమా పేరు అరచేత్తో చెరిపేసింది.