గాలికొండ దారిలో ఎడమ సీటు

"నాకు మంచి తోలు కావాలి" అన్నాను, అరకు శుక్రవారం సంతలో నిలబడి. నా గొంతు మామూలుగానే నలభైమందికి వినపడుతుంది. ఆ రోజూ వినపడింది. కాకపోతే "తోడు కావాలి" అని వినపడింది.

అల్లం బుట్టల వెనక కూర్చున్న రాజులమ్మ నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసింది. సుంకరిమెట్ట దారిలో ఆవిడ ఊరు. సంతలో ఆవిడ మాటకు ఎదురులేదు.

"ఎలాటిది కావాల బాబూ?"

"మెత్తగా ఉండాలి. కాస్త మందంగా ఉండాలి. వయసు ముదిరినా ఫరవాలేదు గాని, ముడతలుంటే పనికిరాదు."

"వయసు ముదిరితే ముడతలుండవేటి?" అని పక్కన చోళ్లు అమ్ముకుంటున్న ఆడమనిషి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రాజులమ్మ మాత్రం నవ్వలేదు. "మా ఊళ్లో ఒకటుంది. అడిగి సూత్తాను. తీసుకెళ్లి ఏటి సేత్తావు?"

"ముందు మూడురోజులు ఆముదంలో నానబెడతాను. తరవాత కొలతకు కోసి, చుట్టూ రాగిమేకులు కొడతాను."

"ఓలమ్మో!" రాజులమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "మడిసికా బాబూ, మేకులు కొడతావు?"

"మనిషెవరే తల్లీ! తోలు, తోలు! గేదె తోలు! నా కారుకి!"

సంత సంతంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వి, ఎవరైనా ఇంకో మాట కలుపుతారేమోనని చుట్టూ చూశాను. ఎవరి బేరాల్లో వాళ్లు పడిపోయారు. తోళ్లవాడి దగ్గర గేదె తోలు కొని, చంకన పెట్టుకుని బంగళాకు వచ్చేశాను.

నా పేరు సర్వేశ్వరరావు. రోడ్ల ఓవర్సీరుని. అరకు లోయలో రోడ్డు వెయ్యడం నా పని, దాన్ని ఏటా కడిగెయ్యడం వానల పని. ఇద్దరం ఎవరి పని వాళ్లం శ్రద్ధగా చేస్తాం. ఈ 1927 వేసవికి ఇక్కడికొచ్చి నాలుగేళ్లు. నా భార్య ఈశ్వరమ్మ పోయి అయిదేళ్లు. పిల్లల్లేరు. మిగిలిన చుట్టాలు ఇప్పుడు నాకు ఏమీ కారు. ఉన్నది ఒక్కటే కారు.

ఈ చమత్కారాన్ని ఆ ఖాళీ బంగళాలో మూడొందలసార్లు అనుంటాను. వినేవాళ్లుంటే ఒక్కసారితో సరిపోయేది.

ఆ కారు సంగతి చెప్పాలి. 1911 నాటి పందెం కారు. పొడుగాటి ముక్కు, వెనక పీపాలాంటి పెట్రోలు ట్యాంకు, మధ్యలో రెండే రెండు సీట్లు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. కాఫీతోట వెయ్యడానికొచ్చిన ఒక దొర దాన్ని సీమనుంచి ఓడలో తెప్పించుకున్నాడు. తోట ఎండిపోయింది, దొర సీమకు వెళ్లిపోయాడు, కారు బంగళా వెనక గొడ్లపాకలో మిగిలిపోయింది. నేనొచ్చేసరికి అందులో కోళ్లు పొదుగుతున్నాయి. ఉత్తరం రాస్తే, "నువ్వే ఉంచుకో" అని దొర జవాబు రాశాడు. కోళ్ల క్షేమం అడగలేదు.

సెలవురోజు పొద్దున్నే గోనెపట్టా పరిచేవాణ్ణి. ఊడదీసిన ప్రతి బోల్టూ ఊడదీసిన వరసలోనే దానిమీద పేర్చి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, వెనకనుంచి ముందుకు మళ్లీ బిగించేవాణ్ణి. చక్రాలకు బండిచక్రాలకున్నట్టే కొయ్య ఆకులు. ఎండలకు అవి బిగువు తప్పి కిర్రుమంటాయి. అప్పుడు చక్రాలూడదీసి ఒక పగలంతా కొండవాగు గెడ్డలో పడుకోబెడితే, కొయ్య నీళ్లు తాగి ఉబ్బి బిర్రబిగుస్తుంది. స్ప్రింగులకు కమ్మరిచేత చెరో బద్ద ఎక్కువ వేయించాను. ఇక క్లచ్చి. గరాటులాంటి ఇనపచక్రానికి తోలు తొడుగు, అంతే అది. ఆముదం బాగా తాగిన తోలు మెల్లిగా పట్టుకుంటుంది. తాగనిదైతే కారు కోడెదూడలా ఒక్క గెంతు గెంతి ఆగిపోతుంది.

పని చేస్తూ మాట్లాడుతుంటాను. చేతులు ఖాళీ లేనప్పుడు నోరు ఖాళీగా ఉండడం నాకు నచ్చదు. "ఏమే, విన్నావా? నూనె కారితేనే ఇది కారు, కారకపోతే కారే కాదు!" అని ఎడమ సీటువైపు తిరిగి కాస్త ఆగుతాను. తరవాత నేనే నవ్వుతాను. రోడ్డు కూలీలు దారిమీద గులకరాళ్లు పోస్తూ నావైపు చూసి, మళ్లీ తల వంచుకుని పోస్తుంటారు.

మూడేళ్లకు ఇంజను పలికింది. నాలుగో ఏడాది చదును నేలమీద పరుగెత్తింది. కాని లోయలో చదునున్నది నాలుగు మైళ్లే. అటు నాలుగు, ఇటు నాలుగు. గానుగెద్దుకు తొడిగిన ఎర్ర చొక్కాలాగా ఉండేది మా వైభవం.

కొండ ఎక్కకపోవడానికి కారణం ఒక పంపు. ట్యాంకు వెనక కిందుంది, ఇంజను ముందుంది. ట్యాంకులోకి గాలి కొడుతుంటే ఆ ఒత్తిడికి పెట్రోలు ముందుకు వస్తుంది. గాలి కొట్టే చేతిపంపు ఎడమ సీటు ఎదురుగా ఉంది. చదునులో అప్పుడప్పుడూ ఆగి కొట్టుకుంటే చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఆపకుండా కొట్టాలి, అప్పుడు స్టీరింగుకూ గేరుకూ బ్రేకుకే నా చేతులు చాలవు. గాలికొండ ఎక్కాలంటే పక్కన గాలి కొట్టేవాడుండాలి. ఈ చమత్కారం నేను చేసింది కాదు, కారు తయారుచేసినవాళ్లు నామీద చేసింది.

నా ముందు ఎత్తున ఒక డబ్బా కట్టి, దాన్నుంచి పెట్రోలు దానంతటదే దిగే ఏర్పాటు కూడా చేసి చూశాను. మొదటి ఎత్తులోనే కారు ముక్కు పైకి లేచింది, పెట్రోలు ఇంజనులోకి పోవడం మానేసి నా ఒళ్లోకి వచ్చింది.

అలా ఉండగా ఏప్రిల్లో బదిలీ ఉత్తర్వు వచ్చింది. జూన్ మొదటి తేదీకి చీపురుపల్లిలో చేరాలి. దిగువకు పోవాలంటే గాలికొండ ఎక్కి, అనంతగిరిమీదుగా దిగాలి. నేను ఎలాగైనా దిగుతాను. కారు ఎక్కలేకపోతే మళ్లీ కోళ్లపాలు. ఎడ్లను కట్టి లాగించుకుపొమ్మని పై ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. ఎడ్లు లాగితే అది బండి. నాలుగేళ్లు నేను బండిని బాగుచెయ్యలేదు.

రోడ్డు కూలీల మేస్త్రీ సోంబరుని పిలిచాను. నా ఈడువాడు, బండరాయిని ఒంటిచేత్తో దొర్లించగలడు.

"సోంబరూ, ఎడమపక్కన కూర్చుని ఇది కొడుతూండు. గాలికొండదాకా."

సోంబరు సీటువంక చూసి, చూపు తిప్పుకున్నాడు. "నా కాలు బాగులేదు బాబూ."

"కొట్టేది చేత్తో కదా!"

"సెయ్యీ బాగులేదు."

మర్నాడు ఆ బాగులేని చేత్తోనే దుంగ ఎత్తుతూ కనపడ్డాడు. మిగతా కూలీలను అడిగాను. ఒకడికి పోడు కొట్టే పని, ఒకడికి చుట్టాలొచ్చారు, ఒకడు ఏ కారణమూ దొరక్క పారిపోయాడు. తొయ్యమంటే పదిమంది తోస్తారు. కారు ముక్కుమీద చెయ్యేసి వేడి చూసుకుని సరదాపడతారు. ఎడమ సీటుమీద మాత్రం ఒక్కడూ వేలు పెట్టడు. అటునుంచి నడిచేటప్పుడు రెండడుగులు ఎడంగా జరిగి, తల కాస్త వంచి పోతారు. ఇందులో దెయ్యముందని భయం కాబోలు, లేకపోతే నేనంటేనే విసుగు పుట్టిందేమో అనుకున్నాను. నా మాటల ధాటికి విజయనగరంలో స్నేహితులు వీధి మార్చిన రోజులు నాకు తెలుసు.

ఒక్క సంగతి మాత్రం ఓదార్పుగా ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఎడమ సీటుమీద అడ్డాకులో రాగిపిండితో చేసిన ఒక చోడిరొట్టె, బెల్లం ముక్క ఉండేవి. సంతకు పోయేవాళ్లలో ఎవరో పెట్టి పోయేవాళ్లు. ఈ ఒంటరి బ్రాహ్మడి వంట సంగతి తెలిసి ఎవరో జాలిపడ్డారనుకుని, కళ్లకద్దుకుని తినేవాణ్ణి. ఆకు దులిపి మళ్లీ అక్కడే పెట్టేవాణ్ణి.

మే నెల ఆఖరు శుక్రవారం పొద్దున గాలికొండమీద మబ్బు దిగింది. ఇక ఆగితే లాభం లేదు. పెట్టె వెనక తాళ్లతో కట్టి, పంపు నూరు దెబ్బలు కొట్టి, హ్యాండిలు తిప్పి, ఒక్కణ్ణే బయలుదేరాను.

కుడిచేత్తో స్టీరింగు, ఎడమచేత్తో పంపు. మొదటి మలుపు ఎక్కాం. రెండోది ఎక్కాం. మూడో మలుపులో గేరు మార్చడానికి పంపు వదిలాను. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. కారు వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకును బలమంతా పెట్టి లాగాను. అది ఆలోచిస్తోంది గాని నిర్ణయానికి రావడం లేదు.

"రాయెట్టండి! బేగి, బేగి!"

సోంబరు గొంతు. పైనుంచి సంతకు దిగుతున్న జనం కావిళ్లు, బుట్టలు దించి పరుగెత్తుకొచ్చారు. వెనక చక్రాలకింద రాళ్లు పడ్డాయి. కారు ఆగింది. బ్రేకు వదలకుండా అలాగే కూర్చున్నాను.

జనంలోంచి రాజులమ్మ వచ్చింది. నన్ను పలకరించకుండా చుట్టూ తిరిగి ఎడమవైపు వెళ్లి, బుట్టలోంచి అడ్డాకు తీసి, రొట్టె, బెల్లం ఆ సీటుమీద పెట్టి, చేతులు జోడించింది.

"నువ్వా తల్లీ వారంవారం పెట్టేది!" అన్నాను. ఆ క్షణాన నాకు నిజంగానే కళ్లలో నీళ్లొచ్చాయి. రొట్టె అందుకుని ఒక ముక్క కొరికాను.

నలభైమంది ఒక్కసారి కెవ్వుమన్నారు.

"ఏటి సేత్తన్నావు బాబూ!" రాజులమ్మ నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "అది ఆ యమ్మది!"

"ఏ అమ్మది?"

అందరూ ఎడమ సీటువంక చూసి నేలచూపులు చూశారు. సోంబరు ముందుకొచ్చాడు.

"నువ్వు 'ఏమే' అంటావు గదా బాబూ, ఆ యమ్మది. నువ్వో మాట సెప్తావు, ఆగుతావు, ఆ యమ్మేటో అంటాది, నువ్వు నవ్వుతావు. నాలుగేళ్లనుంచీ సూత్తన్నాం. మా ఊళ్లో మడిసి పోతే రాయి నిలబెట్టి ఊరందరికీ బువ్వెట్టేదాకా ఆ పోయిన మడిసి ఇంటోళ్ల పక్కనే ఉంటాది. ఆ సోట ఎవులూ కూసోరు. కూసుంటే ఆ మడిసిని లెగ్గొట్టినట్టు గదా! నువ్వు కూసోమంటే నానేటని సెప్పను? కాలు బాగులేదన్నాను."

"ఆకు కాలీ అవుతుంటే ఆ యమ్మ తింతన్నాదనుకున్నాం" అంది రాజులమ్మ. "నువ్వేటి తినీసినావు?"

"నేనే."

"అన్నీనా?"

"బెల్లంతో సహా."

వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్లు నోరు మూయించారు.

నేను సీటుమీద లేచి నిలబడ్డాను. అందరికీ వినపడేలా చెప్పాను. మా ఆవిడ ఈ కారు ఎన్నడూ చూడలేదనీ, ఆవిడ పోయిన ఏడాదికి నేనీ కొండకు వచ్చాననీ, మా ఇళ్లలో రాయి పెట్టరు, పన్నెండో రోజున భోజనాలు పెట్టి సాగనంపుతారనీ, అవి ఎప్పుడో అయిపోయాయనీ చెప్పాను. నేను ఎవరితోనూ మాట్లాడడం లేదు, ఉత్తినే మాటలు తిప్పి ఆడుకోవడం నాకు అలవాటు అన్నాను. నమ్మకం కుదరడానికి ఒకటి చెప్పి, అందులో చమత్కారం ఎక్కడుందో విప్పి కూడా చూపించాను. నలభైమంది శ్రద్ధగా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

"సరే బాబూ" అంది రాజులమ్మ. "ఎవులూ లేకపోతే మరి మాట సెప్పినాక ఆగుతావేటి?"

నా దగ్గర ప్రతి ప్రశ్నకూ మూడు జవాబులుంటాయి. దీనికి మాత్రం నిజమే వచ్చింది.

"మా ఆవిడ 'చాల్లెండి' అనేది. నేను ఏం చెప్పినా సరే, చాల్లెండి అనేసి అటు తిరిగి నవ్వుకునేది. ఆ మాటకు ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతాను."

కొండమీది మబ్బు ఇంకాస్త కిందికి దిగింది. ఎవరి కావిడో కిర్రుమంది.

సోంబరు తల గోక్కున్నాడు. "నాకంత తెలీదు బాబూ. ఒకటే సెప్పు. ఆ యమ్మ ఇక్కడ ఉందా, నేదా? నేదంటే కూసుంటాను, పంపు కొడతాను. ఉందంటే తోసుకుంటా పోదాం, ఎంత దూరమైతే అంత దూరం."

"లేదు" అన్నాను.

"ఏటి?"

నా గొంతు రెండడుగుల దూరంలో ఉన్నవాడికి వినపడకపోవడం అదే మొదటిసారి. గట్టిగా ఊపిరి తీసుకున్నాను.

"లేదు సోంబరూ. నేనొక్కణ్ణే. ఎక్కి కూర్చో."

సోంబరు ఆకును రెండు చేతులతో తీసి రాజులమ్మకు ఇచ్చాడు. కాళ్లు దులుపుకుని, సీటు అంచున కూర్చుని పంపు అందుకున్నాడు. వాడు ఇరవై దెబ్బలు కొట్టాక నేను దిగి హ్యాండిలు తిప్పాను, ఇంజను పలికింది, మళ్లీ ఎక్కాను. పదిమంది వెనకనుంచి ఆనుకున్నారు, రాళ్లు తీశారు. కారు మూడో మలుపు ఎక్కింది.

పైనుంచి సంతకు జనం దిగుతూనే ఉన్నారు. కారు కనపడగానే అలవాటు ప్రకారం ఎడమవైపువాళ్లు పక్కకు జరిగి తల వంచారు. వంచిన తలలు ఎత్తి, ఆ సీటులో సోంబరుని చూసి నోళ్లు తెరిచారు.

"ఆ యమ్మ నేదంట!" సోంబరు పంపు ఆపకుండా అరిచాడు. "మనమే పొరపాటు పడ్డాం! బాబు ఒక్కడేనంట!"

నాలుగో మలుపులో ఇంకో గుంపు ఎదురైంది. వాళ్లకూ చెప్పాడు. అయిదో మలుపులో ఉప్పుబండ్లవాళ్లకు చెప్పాడు. గాలికొండ నెత్తిమీదికి చేరేదాకా, దారిలో కనపడిన ఏ ఒక్కరినీ వదలకుండా, నాకంటే పెద్ద గొంతుతో చెబుతూనే ఉన్నాడు.

"ఎవులూ నేరంట! బాబు ఒక్కడేనంట!"