కీబోర్డు కింద కాగితం

బాలశౌరికి పనితనం ఉంది గానీ ఆగే గుణం లేదు. మాచర్ల బస్టాండు దగ్గర అతని షాపులో ఏ కంప్యూటర్ పెట్టినా సాయంత్రానికల్లా లేచి కూర్చునేది. లేచేటప్పుడు దాన్లోంచి ఏం పోయిందో మాత్రం సొంతదారుకు నాలుగు రోజుల తర్వాత తెలిసేది.

ఆ శుక్రవారం సొంతూరు రెంటచింతలలో దానయ్య ఇంటికి వచ్చిందీ ఆ తొందరతోనే. దానయ్య ముప్పై ఏళ్ళు చర్చిలో ఉపదేశిగా జపాలు చెప్పించి దిగిపోయిన పెద్దమనిషి. ఈస్టరు ముందు తపస్సు కాలంలో ఒకప్పుడు ఆడవాళ్ళు మిరప చేలల్లో కాయలు కోస్తూ పాడుకునే సిలువ పాటల్ని నాలుగేళ్ళుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఆ పాటలన్నీ తెలిసిన చివరి మనిషి ఇన్నాసమ్మ నిరుడు పోయింది. ఈ ఏడు పునరుత్థాన పండుగ లోపల వాటిని పుస్తకంగా చూడాలని ఆయన ఆశ. అందుకు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించమని బాలశౌరికి కబురు పెట్టాడు.

"పక్క వీధి ఏసయ్య మంచాన పడ్డాడంట, జపం చేసొస్తా. అరగంటలో వస్తా, నువ్వు చూస్తా ఉండు," అని దానయ్య చేతికర్ర తీసుకుని వెళ్ళాడు.

బాలశౌరి పెన్‌డ్రైవ్ గుచ్చి పని మొదలుపెట్టాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. ఈ ఫోల్డర్లో రాయడానికి మీకు అనుమతి లేదని తెర మీద పడింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. ఆ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉందో తెరిచి చూశాడు. దానయ్యకు చదివే హక్కే ఉంది. రాసే హక్కంతా ఒక్కరిది. అక్కడ ఉన్న పేరు రసూల్. ముందుకు పోవాలంటే అతని పాస్‌వర్డ్ కొట్టాలి.

ఆ పేరు చూడగానే బాలశౌరి ముఖం మాడిపోయింది. ఒకప్పుడు ఆ షాపు ఇద్దరిదీ. ఎనిమిదేళ్ళు ఒకే క్యారేజీలో అన్నం తిన్నారు. రసూల్‌ది నిదానం. మిషను విప్పే ముందు అందులో ఏమున్నాయో అడిగి చీటీ మీద రాసుకునేవాడు. ఒకరోజు జనం ముందు, "నువ్వు అడక్కుండా చెయ్యి పెట్టే మనిషివి, నీతో ఎప్పటికైనా ఒకరి కొంప మునుగుద్ది," అన్నాడు. బాలశౌరికి తల కొట్టేసినట్లయింది. ఆ మాటతో విడిపోయారు. రసూల్ నరసరావుపేట వెళ్ళిపోయాడు. ఐదేళ్ళయింది, మాటల్లేవు.

దానయ్య కోడలు ప్రేమలత మజ్జిగ తెచ్చింది. "ఆగిపోయిందా అన్నా? రసూలన్నకి ఫోన్ చెయ్యమంటావా? ఈ మిషను పెట్టింది ఆయనే."

"ఆయనెందుకులేమ్మా."

"పోనీ మామయ్య వచ్చిందాకా ఆగు. ఆయనకి తెలుసు."

"ఇంత దానికి ఆగేదేందమ్మా," అన్నాడు బాలశౌరి.

నిజానికి దారులు చాలా ఉన్నాయి. ఒక్క ఫోన్ చేస్తే చాలు. అరగంట ఆగినా చాలు. పంతం పట్టిన మనిషికి అవేవీ కనపడవు. రెండో పెన్‌డ్రైవ్ పెట్టి దొడ్డిదారిన లోపలికి వెళ్ళి అధికారమంతా తన చేతిలోకి తెచ్చుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఫోల్డర్ ఒక్కదానికి దానయ్య పేరు కలిపితే పని అయిపోయేది. కానీ రసూల్ పేరు ఇంకా ఆ తెర మీద ఉంది.

ఆ పేరు తీసేయమని నొక్కాడు. ఇతని ఫైళ్ళు ఉంచమంటావా, తీసేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. ఆ యంత్రానికున్న పాటి మర్యాద ఆ పూట బాలశౌరికి లేకపోయింది. దానయ్య పాటలు దానయ్య పేరు కిందే ఉంటాయి గదా అనుకున్నాడు. తీసేయమన్నాడు. చెత్తంతా శుభ్రం చేసే ప్రోగ్రాం కూడా నడిపించి, సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. మజ్జిగ తాగుతూ చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించిందతనికి.

అరగంటన్న దానయ్య గంట దాటాక చెమట తుడుచుకుంటూ వచ్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్ చూసి ముఖం వెలిగిపోయింది. "ఇక పాటలు తెరువు. రసూల్ పేరు నొక్కు."

"రసూల్ పేరా? మీ పేరు గదా తాతా?"

"నా దాంట్లో తెలుగు పడేది కాదురా. అందుకని తన దాంట్లో కొట్టుకోమన్నాడు. నా దాంట్లో మనవరాళ్ళ ఫొటోలే. ఏం, పాస్‌వర్డ్ కావాలా?" దానయ్య కీబోర్డును బోర్లా తిప్పాడు. అడుగున రసూల్ ముత్యాల్లాంటి అక్షరాలతో పాస్‌వర్డ్ రాసి టేపు వేసిన కాగితం ఉంది. గంట సేపు బాలశౌరి చేతులు దాని మీదే ఆడాయి.

బాలశౌరికి అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ముసలాయన కళ్ళు చూశాక చెప్పలేకపోయాడు. "తీసేశా తాతా," అన్నాడు.

దానయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పాటలు కాగితం మీద ఏమన్నా రాసి ఉన్నాయా అని బాలశౌరి అడిగితే, వణుకుతున్న కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చేత్తో పెన్ను పట్టలేకే, ఇన్నాసమ్మ పాడుతుంటే ఒక్క వేలితో కొట్టుకున్నాడు. ఫోనులో గొంతు పడితే సిగ్గని ఆమె రికార్డు చేయనివ్వలేదు.

"రసూల్‌కి ఫోన్ చెయ్యి," అన్నాడు దానయ్య.

బాలశౌరి చేశాడు. పొద్దున చేయాల్సిన ఫోన్ మధ్యాహ్నం చేశాడు. అవతల రసూల్ అంతా విని, "తీసేసినాక దాని మీద ఏమన్నా ఎక్కించావా?" అని అడిగాడు.

"ఎక్కించా. శుభ్రం కూడా చేశా."

"ఇక రావురా. నా కాడ కాపీ లేదు. ఆయన్ని అడక్కుండా నేనెట్టా తీసుకుంటా? ఒక్క మాట నన్ను అడగాల్సింది," అన్నాడు రసూల్. ఆ గొంతులో కోపం లేదు.

దానయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "నలభై ఒక్క పాటలు. నాకు గుర్తున్నయ్యి చెప్తా, కొట్టు." మూడు పాటలు పూర్తిగా వచ్చాయి. మరో ఐదు ముక్కలుగా వచ్చాయి. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు.

"ముప్పయ్యోది మీ అమ్మదిరా. కాయలు కోసేటప్పుడు ఇన్నాసమ్మ పక్క సాలులో మీ అమ్మ మరియమ్మే ఉండేదంట. ఇది మరియమ్మ పాట, ఆమె పేరు రాయి అని పట్టుబట్టి రాయించింది. పుస్తకం వచ్చినాక నీకిద్దామని చెప్పలా. నాకు రావట్లా. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని విన్నావుగా, నువ్వు చెప్పు."

బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు. ఎండ, మిరప చేను, వంగిన వీపులు, ఏనాడో పోయిన అమ్మ గొంతు, అన్నీ వచ్చాయి. రాగం మొత్తం వచ్చింది. కూనిరాగం తీస్తూ మొదటి పాదం కొట్టాడు. "కొండెక్కి పోయేటి నా కొడకా, నీ కాళ్ళకు ముల్లేమో గుచ్చేనా."

రెండో పాదం దగ్గర రాగం ఉంది, మాట లేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగింది. పొద్దున ఆ మాటలన్నీ ఈ పెట్టెలోనే, అతని చేతి కిందే ఉన్నాయి. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"చెప్పు నాయనా," అన్నాడు దానయ్య, వినడానికి ముందుకు వంగి. రెండింటి మాచర్ల బస్సు వీధి చివర హారన్ కొట్టి వెళ్ళిపోయింది. తెర మీద ఆ ఒక్క పాదమే ఉంది.