డబ్బా మావయ్యకి గొంతు పోయిన వారం

మా రేడియో నాటకానికి ప్రతి వారం పైనుంచి ఒక ముక్క వస్తుంది. నీలం కాగితం మీద రెండు వాక్యాలు టైపు చేసి పంపిస్తారు. దోమల మందు గురించి కావచ్చు, పన్నుల గురించి కావచ్చు, కొత్త చట్టం ఎంత గొప్పదో కావచ్చు. దాన్ని ఏ పాత్ర చేత పలికించాలో మాత్రం నా ఇష్టానికే వదిలేశారు. పంతొమ్మిదేళ్లుగా డబ్బా మావయ్య చేతే పలికిస్తున్నాను.

డబ్బా మావయ్య ఒట్టి వాగుడుకాయ. ఆయన నోరు తెరిచాడంటే నాటకంలో ఇంట్లోవాళ్లు తలో దిక్కుకీ జారుకుంటారు, వినేవాళ్లు నవ్వుకుంటారు. మాట చేరవేశామని పైవాళ్లకి తృప్తి, ఎవరూ నమ్మలేదని నాకు తృప్తి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. రాసేదాన్నని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ కాస్త దొంగతనమే. నేను నిజంగా చెప్పాలనుకున్నవి మాత్రం పిన్ని చేత చెప్పిస్తాను. పిన్ని పాత్రకి సణుగుడూ, సాగదీతా, మధ్యలో ఆగి కళ్లజోడు వెతుక్కోవడం, అన్నీ మా అక్క దగ్గర కొట్టేసినవే. అక్కకి ఆ సంగతి తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

వయసులో ఉన్నప్పుడు నేనూ ఫ్యాక్టరీ గేట్ల ముందు నాటకాలు ఆడినదాన్నే. ప్రతి నాటకం చివరా పిడికిలి బిగించి, గొంతు చించుకుని ఒక సందేశం ఇచ్చేదాన్ని. షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ డబ్బాలు ఊపుకుంటూ మమ్మల్ని తప్పుకుని ఇళ్లకి పోయేవాళ్లు. సందేశాలు ఎవరి తలకీ ఎక్కవని అప్పుడే తేల్చుకున్నాను. ఆ ధీమాతోనే ఇన్నాళ్లూ నీలం కాగితాలు మోస్తూ వచ్చాను.

పోయిన సోమవారం రికార్డింగుకి డబ్బా మావయ్య వేషగాడు మెడకి మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. ఆ వారం కాగితం పాత వీధుల గురించి. ఖాళీ చేసినవాళ్లకి కొత్త ఇళ్లు ఇస్తారు, పక్కవాళ్ల కోసం చూడకుండా ఎవరి సంతకం వాళ్లు పెట్టేయండి అని.

"ఈ ముక్క పిన్నికి ఇచ్చేద్దామండీ," అన్నాడు ప్రొడ్యూసరు గడియారం చూస్తూ. "పన్నెండుకల్లా స్టూడియో వదిలెయ్యాలి."

నడుం పీకేస్తోంది. పొద్దుటి నుంచి టీ చుక్క కూడా గొంతు దిగలేదు. "సరే, కానివ్వండి," అన్నాను.

పిన్ని వేషం వేసే ఆవిడ పని తెలిసిన మనిషి. ఆ రెండు వాక్యాల మధ్య ఒక నిట్టూర్పు కలిపింది. వింటుంటే నాకే సంతకం పెట్టాలనిపించింది. బాగా వచ్చిందని మెచ్చుకున్నాను కూడా.

శనివారం అక్క ఇంటికి వెళ్లాను. అక్కది ఖాళీ చేయించబోయే వీధుల్లో ఒకటి. ముందు గదిలో కుట్టు మిషను, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల బట్టలు, అదే దాని బతుకు. అందరూ కలిసి సంతకాలు పెడితే అందరికీ ఒకే భవనంలో ఇళ్లు ఇస్తారు. విడివిడిగా పెడితే చీటీలు తీసి ఊరికి ఆ మూలొకరిని, ఈ మూలొకరిని విసిరేస్తారు. అందుకే ఎవరూ ఒంటరిగా పెట్టకూడదని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది అక్కే. అలాంటిది, నేను వెళ్లేసరికి అట్టపెట్టెల్లో దారపు ఉండలు సర్దుతోంది.

"ఎక్కడికే ప్రయాణం?" అన్నాను.

"సంతకం పెట్టేశాగా."

"నీకేమైనా మతి పోయిందా అక్కా?"

"నువ్వే కదే పెట్టమన్నావు!"

"నేనెప్పుడన్నాను?"

"పిన్ని చేత అనిపించావుగా. మొహం మీద చెప్పలేక అలా చెప్పించావనుకున్నా. ఆ డబ్బా మావయ్య అనుంటే రేడియో కట్టేసి పని చూసుకునేదాన్ని. నా వెనకే ఇంకో పదకొండు ఇళ్లవాళ్లు పెట్టారు. వాళ్లూ విన్నారుగా."

మిషను ముందున్న స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పాను. అక్క చేతిలో దారపు ఉండ అలాగే పట్టుకుని విన్నది.

"అంటే ఎవడికో గొంతు పట్టేసినందుకా?"

"అవునక్కా." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"వెనక్కి తీసుకోవడానికి మంగళవారం దాకా టైముంది," అన్నది చివరికి. "నాది నేను తీసుకుంటా. మరి నన్ను చూసి పెట్టినవాళ్ల సంగతేంటి? పిన్ని చేతే మళ్లీ చెప్పించు."

"వచ్చే భాగం గురువారం. అంతకు ముందే ఉన్నా అలాంటి మాట వెయ్యనివ్వరు."

"అయితే నువ్వే చెబుదువుగాని. పద."

పక్కింటి తలుపు కొట్టింది. తడిచేతులు తుడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. వాకిట్లోనే నిలబడి చెప్పాను. నీలం కాగితం, మఫ్లరు, నా నడుంనొప్పి, ఏదీ దాచలేదు. ఫ్యాక్టరీ గేట్ల తర్వాత మనిషి ఎదురుగా నిలబడి ఒక మాట నమ్మమని అడగడం ఇదే. ఆవిడ ఓపిగ్గా అంతా విని అక్క వైపు తిరిగింది.

"ఎవరండీ ఈవిడ?"

"మా చెల్లెలు. ఆ నాటకం రాసేది ఇదే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు, కాస్త జాలి ఉంది.

"ఏమోనమ్మా. మా అమ్మాయి పుట్టకముందు నుంచీ పిన్ని మాట వింటున్నాను, ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. మిమ్మల్ని ఇవాళే చూస్తున్నాను."

తలుపు మెల్లగా వేసుకుంది. ఇంకా పది ఇళ్లున్నాయి.