అటక మీది రగ్గులు

తుఫానంటే మా అత్తగారికి భయం లేదు, పద్ధతి ఉంది. రేడియోలో హెచ్చరిక వినగానే లాంతరులో కిరసనాయిలు పోయించేవారు, బిందెలన్నీ నింపించేవారు, అటుకుల డబ్బా మంచం కిందికి చేర్చేవారు. మధ్యలో నేనేమన్నా అంటే, "తొంభయ్యారు తుఫాను చూసినదాన్ని, నాకు చెప్పకు" అనేవారు. నేను ఆ తుఫాను వెళ్ళిన మరుసటేడు ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కనక తుఫాను సంగతుల్లో నేను నోరు మూసుకోవాలి. అది నాకంత బాగా రాదు, వేరే సంగతి.

మాది పెంకుటిల్లు. నడవ మీద చెక్క అటక, దానికి తాళం. అందులో ఏముందండీ అంటే "తుఫాను సామాను" అనేవారు. మా పేటలో అందరూ వచ్చే తుఫానుకని ఏదో ఒకటి దాచుకుంటారు. పాత టార్పాలిన్ కావచ్చు, కొవ్వొత్తులు కావచ్చు. వాటికి తాళమెందుకండీ అని ఒకసారి అన్నాను. ఆవిడ వారం పాటు నాతో మాట్లాడలేదు. మా ఆయన రమేష్ బాబు కాకినాడలో ఉద్యోగం, శనివారం శనివారం వస్తారు. ఆయనతో చెప్తే, "అమ్మతో నీకెందుకు సత్యా" అని నవ్వేశారు.

మా అత్తగారు సంపూర్ణమ్మగారంటే రామచంద్రపురం ఇవతల కాలవగట్టు మీది మా పేటలో అందరికీ గౌరవం. రిటైరైన పంతులమ్మ, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. తొంభయ్యారులో సాయంగా వచ్చిన రగ్గులు పంచింది ఆవిడే. పంచేముందు ప్రతి రగ్గు మూలా ఎర్రదారంతో చిన్న సిలువ కుట్టారట, తీసుకున్నవాళ్ళు సంతలో అమ్ముకోకుండా. ఇదంతా నాకు ఎదుటి వరసలో ఉండే రత్తమ్మ చెప్పింది. ఆవిడా, మొగుడు చిట్టియ్యా కూలిపనికి వెళ్తారు. "మా వంతొచ్చేసరికి అయిపోయాయన్నారండి అమ్మగారు. ఆ చలికాలమంతా గోనెసంచులే కప్పుకున్నామండి. మా రాత" అని నవ్వుతూనే చెప్పింది. నేనూ పాపం అనుకున్నాను.

ఆ నవంబరు మధ్యాహ్నం రేడియో ఏమీ చెప్పలేదు. ఆకాశం మాత్రం నల్లబడింది. కాసేపటికి చేలకవతల మబ్బులోంచి ఒక తొండం కిందికి దిగింది. ఏనుగు తొండమే, అటూ ఇటూ ఊగుతూ వస్తోంది. తుఫానైతే మావాళ్ళు తలుపులేసుకుని లోపల కూర్చుందురు. ఇలాంటిది పుట్టి బుద్ధెరిగి ఎవరూ చూడలేదు. అందుకని చూడ్డానికి పేట పేటంతా కాలవగట్టెక్కేసింది. "మబ్బు నీళ్ళు తాగుతోందర్రా" అన్నారు ఎవరో. మా అత్తగారు కూడా చెప్పులేసుకుని వచ్చి, "రేడియోలో చెప్పలేదుగా, ఏమీ కాదు" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ తెలివితక్కువతనమే మమ్మల్ని బతికించింది.

ఉన్నట్టుండి అది మావైపు తిరిగింది. గట్టు మీద ఎక్కడివాళ్ళం అక్కడే బోర్లా పడ్డాం. రైసుమిల్లు నెత్తిమీద ఆడుతున్నట్టు ఒకటే హోరు. అంతలోనే ఆగిపోయింది. లేచి చూస్తే మా ఇంటికి గోడలున్నాయి, పైన ఏమీ లేదు. పెంకులు లేవు, వాసాలు లేవు, అటక లేదు. ఎదురుగా చిట్టియ్య తాటాకింటి మీద ఒక్క ఆకు చెదరలేదు. తుఫానైతే ఊరందరినీ కలిపి కొడుతుంది, ఏడిస్తే అందరం కలిసి ఏడుస్తాం. ఇది మా ఒక్క ఇంటినీ ఏరి పట్టుకెళ్ళింది.

అప్పుడు చూశాను. కొబ్బరిచెట్ల మట్టల్లో, కరెంటు తీగల మీద, చర్చి గంటస్తంభం మీద, కోతకొచ్చిన చేలల్లో ఎక్కడ చూసినా బూడిదరంగు రగ్గులు. ఇన్ని రగ్గులు ఎవరింట్లో ఉంటాయని మొదట నాకు అర్థం కాలేదు. మా అత్తగారి ముఖం చూశాను. అంతే, అర్థమైపోయింది. తుఫాను సామాను. నాకు తల కొట్టేసినట్టయింది.

చిట్టియ్య అందరికన్నా ముందు మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. దెబ్బలేమన్నా తగిలాయా అని అడిగాడు. మంచినీళ్ళు తెప్పించాడు. తర్వాత చెట్టెక్కి రెండు రగ్గులు దింపి తెచ్చి, "అమ్మగారూ, ఇవి మీ ఇంటివేనాండి?" అన్నాడు. మూల మీద ఎర్రదారం సిలువ నాకు కనపడుతూనే ఉంది.

"మావి కావు. గాలి ఎక్కణ్ణుంచి తెచ్చి పడేసిందో" అన్నారు మా అత్తగారు.

చిట్టియ్య ఆ సిలువని బొటనవేలితో ఒకసారి తడిమాడు. "అంతేనండి. ఎక్కణ్ణుంచో వచ్చుంటాయండి" అని వాటిని మడతపెట్టుకుని వెళ్ళిపోయాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నేలచూపులు చూశారు. ఆ కుట్టు ఎవరిదో వాళ్ళందరికీ తెలుసు. వాళ్ళ కళ్ళలో పడకుండా నేను పగిలిన పెంకులు ఏరుతూ కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక గోడ చాటున పట్టుకున్నాను ఆవిణ్ణి.

"ఎందుకు దాచారండీ?"

"వచ్చే తుఫానుకనే. ఉన్నదంతా ఒక్కసారే పంచేస్తే రేపు వాళ్ళే ఏడుస్తారు. నా కోసమా దాచాను? ఒక్కటైనా కప్పుకున్నానా?"

"వాళ్ళు గోనెసంచులు కప్పుకున్నారటండీ, మన గుమ్మానికి ఎదురుగానే."

 ఆవిడ చిన్నగొంతుతో, "తర్వాత ఇద్దామనే అనుకున్నానే. ఇస్తే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. అలా రోజులు గడిచిపోయాయి" అన్నారు. కోపంతో నా నోటిదాకా వచ్చిన మాటలు అక్కడే ఆగిపోయాయి. పాతికేళ్ళు పిల్లలకి సత్యము పలుకవలెనని చెప్పిన మనిషి, తప్పు చేసిన పిల్లలా నిలబడి ఉంది.

మర్నాడు రత్తమ్మా వాళ్ళూ రగ్గులన్నీ కాలవలో జాడించి గట్టు మీద ఆరేశారు. మధ్యాహ్నానికి చర్చి ముందు దొంతర పెట్టారు. "ఎవరివీ కాదన్నారు గదండి, పంచేసుకుందామండి. ముందు ఇల్లు పోయినోళ్ళకి" అన్నాడు చిట్టియ్య. ఇల్లు పోయినవాళ్ళంటే మేమే. పేటంతా వరసలో నిలబడి ఉండగా మమ్మల్ని అందరికన్నా ముందు నిలబెట్టారు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మా అత్తగారు చెయ్యి చాపలేదు. "ముందు వాళ్ళకియ్యి చిట్టియ్యా. మళ్ళీ అయిపోతాయేమో" అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మాట ఎందుకన్నారో ఏమో.

"అయిపోవండి. ఈసారి అందరికీ వస్తాయండి" అన్నాడు చిట్టియ్య. గొంతులో వెటకారం లేదు. వరసలో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా కిసుక్కుమని ఉంటే నేను తిరగబడి నాలుగు మాటలని తేలికపడేదాన్ని. నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆవిడ రెండు చేతులూ చాపి రగ్గు అందుకున్నారు. నేనూ అందుకున్నాను.

మాకు బడి వరండాలో చోటిచ్చారు. సాయంత్రం ముసురు పట్టింది, జల్లు లోపలికి కొడుతోంది. ఆవిడ వణుకుతున్నారు. రగ్గు మాత్రం మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

"కప్పుకోండి అత్తయ్యా" అన్నాను.

"నాది కాదన్నాను కదే. ఎలా కప్పుకోను?"

  అంటూనే ఆవిడ లేచారు. రగ్గు చంకలో పెట్టుకుని వానలోకి దిగి నడిచారు. నేనూ వెనకాలే నడిచాను. చిట్టియ్య ఇంటి ముందు ఆగారు. చూరు కింద వరసగా నాలుగైదిళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందర చెప్పక్కర్లేదు, లోపలికి పిలిచి చెప్పొచ్చు. ఆవిడ అక్కడే నిలబడి చెప్పారు.

"చిట్టియ్యా, ఆ రగ్గులు మా ఇంట్లోవే. నీకు అయిపోయాయని చెప్పిన రోజు కూడా మా అటక మీద ఉన్నాయి."

చిట్టియ్య లేచి నిలబడ్డాడు. "తెలుసండి" అన్నాడు.

"సిలువ చూసి కనుక్కున్నావా?"

 రత్తమ్మే పొయ్యి దగ్గర్నుంచి లేస్తూ, "అప్పుడే తెలుసండి అమ్మగారూ. ఆ మూటలు అటకెక్కించింది ఈయనేగాండి. అటుకుల మూటలని చెప్పి ఎక్కించారు. మోసేవోడికి తెలీదాండి, అటుకులో రగ్గులో" అంది.

ఆవిడకి ఆ సంగతే గుర్తు లేదు. మూటలు గుర్తున్నాయి, తాళం గుర్తుంది, మోసిన మనిషి గుర్తులేడు. అవి మోసి దిగిన చేత్తోనే అతను మర్నాడు వచ్చి వరసలో నిలబడి, అయిపోయాయంటే సరేనండి అని వెళ్ళిపోయాడన్నమాట. అన్నాళ్ళూ కనపడినప్పుడల్లా ఆవిడకి దణ్ణం పెడుతూనే ఉన్నాడు.

"అడగలేదేంటి చిట్టియ్యా?" అన్నారావిడ. 

"మిమ్మల్ని ఎలా అడుగుతామండి" అన్నాడు.

రత్తమ్మ చెక్కబల్లని కొంగుతో తుడిచి, "వానలో నిలబడ్డారేంటండి, లోపలికి రండి" అంది. ఆ తాటాకు చూరు కిందికి మేమిద్దరం తలలు వంచుకుని వెళ్ళాం. మా అత్తగారు బల్ల చివర కూర్చున్నారు. రత్తమ్మ ఆవిడ చంకలోని రగ్గు తీసుకుని, మడత విప్పి, భుజాల చుట్టూ కప్పింది. ఎర్రదారం సిలువ ఆవిడ మోకాలి మీదికి వచ్చింది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఆవిడ దాన్ని లోపలికి మడవలేదు.